హస్తవాసి ఎవరిది?

వర్నిలో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో జలుబుతో వచ్చిన ప్రతివారికీ నేనొక బలం సూది వేసేవాణ్ణి. వారం తిరిగేసరికి జలుబు తగ్గేది. "మీ హస్తవాసి మంచిది, డాక్టర్ సాబ్" అనేవారు. సూది వేయకపోయినా జలుబు వారానికి తగ్గుతుందని చదువుకున్నవాణ్ణే. అయినా పొగడ్త ముందు చదువు నిలవలేదు.

ఒకనాడు ఒక పెద్ద రైతు కామెర్లు వచ్చిన కొడుకును తీసుకువచ్చాడు. అప్పటికే ఆకు పసరు పోయించాడట. ఇక వద్దన్నాను. "పసరు తాగి పది మందికి తగ్గింది. మీరెందుకు వద్దంటున్నరు?" అన్నాడు.

"కొత్త ఎరువు వస్తే మీరెలా నమ్ముతారు?" అని అడిగాను.

"ఒక మడిల ఏస్త, పక్క మడిల ఎయ్య. రెంటికీ అదే నీళ్ళు, అదే విత్తనం. కోతలకు తెలుస్తది."

"మరి పసరుకు పక్క మడి ఏది?" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "మరి మీ సూదికి?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఆ రోజుతో జలుబుకు సూది వేయడం మానుకున్నాను.

పాఠకులారా, వైద్య పరిశోధనకు మొదటి సూత్రం ఆ రైతు చెప్పిందే. మందు వాడినవారితో పాటు వాడనివారు కూడా ఉండాలి. కామెర్లలో ఎక్కువ భాగం కొద్ది వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. పక్క మడి లేకపోతే ఆ పేరు పసరుకు పోతుంది.

రెండవ సూత్రం, పోల్చే మడులు సమానంగా ఉండాలి. నిజాంసాగర్ కాలువ మొదట ఉన్న పొలానికి ఎరువు వేసి, నీరందని చివరి పొలంతో పోల్చితే అది న్యాయం కాదు. మనిషి ఎంచితే తెలియకుండానే మంచి మడిని ఎంచుతాడు. కాబట్టి చీటీ వేయాలి. వర్ని దగ్గర రుద్రూర్‌లో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. అలాంటి కేంద్రాలలో ఏ మడికి ఏ విత్తనమో లాటరీ పద్ధతిన నిర్ణయిస్తారు. ఈ పద్ధతిని 1920లలో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో రోనాల్డ్ ఫిషర్ స్థిరపరిచాడు. పొలం నుంచే అది ఆసుపత్రికి వచ్చింది. 1948లో ప్రకటించిన స్ట్రెప్టోమైసిన్ పరీక్షలో బ్రాడ్‌ఫర్డ్ హిల్ దానిని క్షయ రోగులకు వర్తింపజేశాడు.

దానివల్ల మనకేమిటంటారా? ఒకప్పుడు క్షయ వస్తే శానిటోరియంలో నెలల తరబడి ఉండవలసిందే అనేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచే అలాంటి శానిటోరియం ఉంది. మంచం దొరకనివారు, పొలం అమ్ముకోలేనివారు ఇంట్లోనే దగ్గుతూ ఉండిపోయేవారు. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం మొదలైంది. అక్కడ 193 మంది రోగులకు చీటీ వేసి, కొందరిని శానిటోరియానికి పంపారు, కొందరిని ఇంట్లోనే ఉంచారు. అందరికీ ఏడాదిపాటు అవే మందులు. ఏడాది చివర ఇంట్లో ఉన్నవారిలో నూటికి 86 మందికి, శానిటోరియంలో ఉన్నవారిలో నూటికి 92 మందికి రోగం నెమ్మదించింది. ఇంటివారి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినా తేడా ఇంతే! ఇంట్లోవారిని ఏళ్ళ తరబడి గమనించినా, రోగి ఇంట్లో ఉన్నందువల్ల వారికి క్షయ ఎక్కువగా అంటుకోలేదని తేలింది. ఈ రోజు క్షయ రోగి ఇంట్లో ఉండి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు వాడుకుంటున్నాడంటే దాని వెనుక ఆ చీటీలున్నాయి.

మూడవది, ఎవరికేది ఇచ్చారో వీలైనంతవరకు రోగికీ, పరీక్షించేవారికీ తెలియకూడదు. తెలిస్తే ఆశ కళ్ళకు గంతలు కడుతుంది. 1968లో చెంగల్పట్టు జిల్లాలో మొదలుపెట్టిన బి.సి.జి. పరీక్షలో కొందరికి టీకా, కొందరికి మందులేని ద్రవం వేశారు. ఏది ఎవరికో వేయించుకున్నవారికి తెలియదు. పెద్దల ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని 1979లో తేలింది. అందరూ మరోలా ఆశించారు, అయినా నిజమే నిలిచింది. పసిపిల్లలకు మాత్రం బి.సి.జి. తప్పక వేయించండి. మెదడుకు వచ్చే క్షయ వంటి ప్రమాదాల నుంచి అది కాపాడుతుంది.

నాలుగవది, మొదలుపెట్టిన ప్రతి ఒక్కరినీ చివర లెక్కించాలి. ఇది నాకు నేర్పింది ఒక గర్భిణి. కామెర్లకు రెండు వారాలు పసరు తాగి, మగత కమ్మాక ఆమెను నా దగ్గరకు తెచ్చారు. పెద్దాసుపత్రికి పంపాను గాని బతకలేదు. తగ్గిన పది మందీ ఊరంతా చెప్పుకుంటారు. ఆమె వచ్చి చెప్పదు కదా! పసరు లెక్కలో ఆమె లేదు.

ఇకమీదట ఎవరైనా ఫలానా మందుతో తగ్గిందంటే ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. వాడనివారి సంగతేమిటి? ఇద్దరూ సమానులేనా? ఫలితం చూసినవారికి ముందే తెలుసా? తగ్గనివారిని లెక్కించారా? నన్నయినా సరే, మొహమాటపడకుండా అడగండి. కామెర్లలో మగత, ఆగని వాంతులు, రక్తం కారడం కనిపించినా, రోగి గర్భిణి అయినా ఏ మందు కోసమూ ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ఆ రైతు కొడుక్కి మూడు వారాలలో తగ్గింది. "మీ హస్తవాసి, డాక్టర్ సాబ్" అన్నాడు తండ్రి, నవ్వుతూ. "పక్క మడి ఏది?" అన్నాను నేను.