నాయన మోసిన సంచి

రిటైరైన మగవాడికి రెండు గండాలుంటాయని మా ఆవిడ అంటూంటుంది. ఒకటి, నలభై ఏళ్ళుగా వంట చేస్తున్న ఇల్లాలికి వంట నేర్పబోవడం. రెండోది, ఆ వయసులో కొత్త సరదా ఒకటి తగిలించుకోవడం. మొదటి గండం వారం రోజుల్లోనే గడిచిపోయింది. రెండోదాంట్లో మాత్రం పీకలదాకా దిగాను. 2024లో బ్యాంకు ఉద్యోగం నుంచి దిగాక, బెంగళూరులో, గోల్ఫ్ నేర్చుకోవడం మొదలుపెట్టాను.

నవ్వుకోండి, ఫరవాలేదు. మా ఇంట్లోనూ నవ్వారు. షుగరు ఉంది, రోజూ నడవండి అని డాక్టరుగారు చెప్పారు. పార్కులో ఒకే వలయంలో తిరిగి తిరిగి విసుగెత్తింది. ఒక పాత సహోద్యోగి ఊరి అంచున ఉన్న ప్రాక్టీసు మైదానానికి తీసుకువెళ్ళాడు. అక్కడ సభ్యత్వం అక్కరలేదు. బుట్టెడు బంతులకు ఇంత అని కట్టి, అద్దె కర్ర తీసుకుని కొట్టుకోవచ్చు. ముప్ఫై బంతుల్లో ఇరవై తొమ్మిది నేలమీద పాకాయి. ఒక్కటి మాత్రం టక్కుమని లేచి, వంపు తిరిగి, ఎక్కడో పచ్చికలో వాలింది. ఆ ఒక్క చప్పుడే నన్ను పట్టేసింది.

"గోల్ఫ్ క్లబ్బులు కొనాలనుకుంటున్నాను" అన్నాను ఆ రాత్రి భోజనాల దగ్గర.

మా ఆవిడ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేసింది. "క్లబ్బులు కొనడమేమిటండీ! చేరడానికే లక్షలు కావాలంటారు గదా!"

క్లబ్బంటే బంతి కొట్టే కర్ర అని చెప్పాక ఆవిడ ఊపిరి పీల్చుకుంది. మూలన కుర్చీలో మజ్జిగన్నం తింటున్న మా నాయన తలెత్తాడు. ఆయనకిప్పుడు ఎనభై ఏడు.

"ఎన్ని కర్రలు కొంటావురా?"

"పూర్తి సెట్టంటే పద్నాలుగు, నాయనా."

"పద్నాలుగా! మోసేదెవురు?"

అంతే, మళ్ళీ మాట్లాడలేదు.

ఆ ప్రశ్న మా నాయన అడగడంలో ఒక అర్థం ఉంది. మా తాత హిందూపురం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి, ఊరూరా తిరిగి, చివరికి బెంగళూరులో స్థిరపడ్డాడు. మధ్యలో ఒక ఊళ్ళో ఉండగా, 1949, 50 ప్రాంతంలో, బడి లేని రోజుల్లో నాయన గోల్ఫ్ మైదానంలో సంచులు మోసేవాడు. తర్వాత ఫిట్టరు పని నేర్చుకుని, కర్మాగారంలో చేరి, మమ్మల్ని నలుగురినీ చదివించాడు. సంచుల సంగతి మాకు తెలుసు గానీ ఆయన ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు. మేమూ అడగలేదు.

నిజం చెప్పాలంటే, పూర్తి సెట్టు మీద నాకు మోజు కలగడానికి ఆటొక్కటే కారణం కాదు. మా నాయన మోసిన సంచి లాంటిది, అంతకంటె మెరిసేది, సొంతానికి కొని ఆయన ముందు నిలబెట్టాలని ఒక పట్టుదల. అలాంటి పట్టుదల మనసులో ఉన్నప్పుడు మనిషి బేరం సరిగా చెయ్యలేడు. అన్నేళ్ళు జనానికి అప్పులిచ్చి, కాగితాలు తిరగేసి చూసినవాణ్ణి, ఆ పూట ఏదీ తిరగేసి చూడలేదు. ఒక ప్రకటన చూసి, ఎవరో వాడిన పద్నాలుగు కర్రల సెట్టు, తోలు సంచితో సహా, ఇరవై ఎనిమిది వేలకు తెచ్చాను. కొత్తదైతే లక్ష దాటుతుందని అమ్మినవాడు చెప్పాడు. కర్రల కాడల మీద ఇంగ్లీషు 'ఎస్' అక్షరం ఉంది. 'ఎస్ అంటే సీనియరు, నా వయసుకు సరిపోతుంది' అనుకుని మురిసిపోయాను.

మూడు వారాల్లో ఎడమ మోచెయ్యి పట్టేసింది. చెంబు ఎత్తలేకపోయాను. మా ఆవిడ నొప్పుల నూనె రాస్తూ నన్నేమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధగా అనిపించింది.

ఒక మధ్యాహ్నం నేను నిద్ర లేచి చూసేసరికి నాయన వరండాలో కర్రలన్నీ వరసగా పరిచి కూర్చున్నాడు. పక్కన పాత పనిముట్ల పెట్టె. ఒక అయస్కాంతం తీసి, అన్నిటికంటె పెద్ద తలకాయ ఉన్న డ్రైవరుకు ఆనించాడు. చటుక్కున అతుక్కుపోయింది.

"ఇదేం లోహమన్నాడు నీకు అమ్మినోడు?"

"టైటేనియం."

"టైటేనియానికి అయస్కాంతం అంటదురా. ఇది ఉక్కు."

పేరున్న కంపెనీ ముద్ర కొట్టిన నకిలీ సరుకన్నమాట. తర్వాత ఇనుప తలల కర్రలు చూపించాడు. వాటి వెనక వీపు చదునుగా, కత్తిలా పలచగా ఉంది. ఆటలో ఆరితేరినవాళ్ళకి అవి ఇష్టం. తలకాయ సరిగ్గా మధ్యలో బంతి తగిలితేనే పలుకుతాయి, కొంచెం పక్కకు తగిలినా చేతులు జివ్వుమంటాయి. నేర్చుకునేవాడికి కావలసింది వెనక గుంతలా తొలిచి, బరువును అంచులకు పంచిన రకం. దెబ్బ అటూ ఇటూ అయినా అది క్షమిస్తుంది. ఇక ఆ 'ఎస్' సంగతి నా స్నేహితుడు పొట్ట పట్టుకుని నవ్వుతూ చెప్పాడు. అది సీనియరు కాదు, స్టిఫ్. వేగంగా తిప్పే కుర్రవాళ్ళకు పనికొచ్చే బిర్రు కాడ. నాబోటివాడికి రెగ్యులరో, ఇంకా మెత్తటి సీనియరో కావాలి. కీళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఉక్కు కాడ కంటె తేలికైన గ్రాఫైట్ కాడ మంచిదట.

ఆ రోజే నాయన నోరు విప్పాడు. ఏడో నంబరు కర్రను ఒళ్ళో పెట్టుకుని, "మా కాలంలో నంబర్లతో పాటు పేర్లు గూడా అనేవోళ్ళు. బ్రాసీ, స్పూను, మాషీ, నిబ్లిక్. దొర స్పూను తెమ్మంటే మొదటి రోజు నేను చెంచా కోసం చూసినా" అని నవ్వాడు. కొన్ని కర్రలకు ఇంకా హికరీ చెక్క కాడలే ఉండేవట. పద్దెనిమిది గుంతల ఆటకు ఆరణాలు. ఒకరోజు దొర టీకి వెళ్ళాడు. మైదానంలో ఎవరూ లేరు. పదకొండేళ్ళ పిల్లవాడు సంచిలోంచి ఒక కర్ర లాగి, ఒకే ఒక్కసారి, బంతి కూడా లేకుండా, గాలిలో తిప్పాడు. మేస్త్రీ చూశాడు. చెంప మీద కొట్టి, ఆ రోజు కూలి ఎగ్గొట్టి, మళ్ళీ రావద్దన్నాడు.

"అరిగిపోతుందేమో అన్నట్టు చూసినాడురా. నేనేం చేసినా, గాల్లో తిప్పినా అంతే" అన్నాడు. డెబ్బై అయిదేళ్ళ నాటి మాట. ఎడమ చెంప తడుముకుంటూ చెప్పాడు.

నాకేం మాట్లాడాలో తోచలేదు. ఆయన పరువు కోసమని నేను కొన్న ఆ మెరుపంతా వరండాలో పరిచి ఉంది, సగం నకిలీ, సగం నాకు పనికిరానిది. కర్రలు చేతికి అందనివ్వకపోవడం ఆయన బాధ అయితే, నేనేమో తెచ్చి చూపించాలనుకున్నాను గానీ, 'ఒకసారి పట్టుకుని చూడు నాయనా' అని ఇంతవరకూ అనలేదు.

ఆ సెట్టును లోపాలన్నీ చెప్పి తొమ్మిది వేలకు వదిలించుకున్నాను. డ్రైవరు మాత్రం అమ్మలేదు, మరొకరిని మోసం చెయ్యడమవుతుందని. ఇప్పుడది మామిడికాయలు దులపడానికి ఉపయోగపడుతోంది. రెండోసారి నాయన పర్యవేక్షణలో కొన్నాను. నాలాంటివాళ్ళు మన సంఘంలో ఇంకా ఉండవచ్చు, వాళ్ళ కోసం ఆ వివరాలు రాస్తున్నాను.

పద్నాలుగనేది గరిష్ఠ పరిమితి మాత్రమే, అన్నీ ఉండాలని నియమమేమీ లేదు. ఆ పరిమితి కూడా 1938లో అమెరికాలోనూ, 1939లో బ్రిటన్‌లోనూ వచ్చింది. అంతకుముందు కొందరు ఆటగాళ్ళు ఇరవైకి పైగా పెట్టించుకునేవారు. మోసేవాడి భుజం సంగతి వాళ్ళకేం తెలుసు! నేను కొన్నవి ఆరు. ఒక అయిదో నంబరు వుడ్డు, ఒక హైబ్రిడ్డు, ఏడు, తొమ్మిది నంబర్ల ఇనుప కర్రలు, ఒక శాండ్ వెడ్జి, ఒక పటరు. వుడ్డంటే పేరుకే చెక్క, ఇప్పుడన్నీ లోహమే. నంబరు పెరిగేకొద్దీ కాడ పొట్టిదవుతుంది, తలకాయ ఎక్కువగా వెనక్కి వాలుతుంది, బంతి ఎత్తుకు లేచి దగ్గరలో పడుతుంది. నాయన కోణమానినితో కొలిస్తే మా ఏడో నంబరుకు 32 డిగ్రీలు, శాండ్ వెడ్జికి 56 వచ్చాయి. మూడు, నాలుగు నంబర్ల పొడుగాటి ఇనుప కర్రలు కొత్తవాళ్ళకు లొంగవు. వాటి బదులుగా వచ్చిందే హైబ్రిడ్డు. డ్రైవరు తొందరేమీ లేదు.

పటరు విషయంలో పీనాసితనం వద్దని నా స్నేహితుడు చెప్పాడు. ప్రతి గుంత దగ్గరా చేతికొచ్చేది అదే. ఖరీదైనది అక్కరలేదు, నిలబడి పట్టుకుంటే చూపు సూటిగా గీత మీద పడాలి, అంతే. బంతులు కొత్తవి కొనకండి. పొదల్లో దొరికినవి కడిగి అమ్ముతారు, ఎలాగూ మళ్ళీ పొదల్లోకే పంపిస్తాం. కుడిచేతి వాటం వాళ్ళకు చేతి తొడుగు ఎడమ చేతికి ఒక్కటి చాలు. కొనేముందు అద్దె కర్రలతో నెల రోజులు ఆడి చూడండి. డెకాథ్లాన్ వంటి దుకాణాల్లో కొత్త కర్రలు ఒక్కొక్కటిగా కూడా కొనుక్కోవచ్చు, పండగకొకటి చొప్పున పోగు చేసుకోవచ్చు. పిల్లలకు మాత్రం పెద్దల కర్ర కోసి ఇవ్వకండి. కాడ పొట్టిదవుతుంది గానీ తలకాయ బరువు తగ్గదు, కాడ ఇంకా బిర్రవుతుంది. వాళ్ళ కొలతకు చేసినవే కొనాలి.

వాడిన కర్రల్లో చూడవలసినవి మూడు. కాడ వంగిందా అని కంటికి ఆనించి చూడాలి. తలకాయ పట్టుకుని తిప్పితే కదలకూడదు, చప్పుడు కాకూడదు. ముఖం మీది గాడులు పూర్తిగా అరిగి ఉండకూడదు. రబ్బరు పిడి గట్టిపడి జారుతోందని కర్రను వదులుకోనక్కరలేదు, పిడి మార్చుకోవచ్చు. నాయన ఆరింటికీ ఇంట్లోనే మార్చాడు. పాత పిడి కత్తితో చీల్చి, జిగురు గీకి, రెండువైపులా అంటే టేపు చుట్టి, కొత్త పిడిలో టర్పెంటైను పోసి తడిపి, ఒక్క తోపులో ఎక్కించేశాడు. రాత్రంతా ఆరబెట్టాడు. వణికే చేతులు ఆ పనిలో మాత్రం వణకలేదు.

మొత్తం ఖర్చు, తేలికైన సంచితో సహా, పదకొండు వేల అయిదువందలు. మా ఆవిడ లెక్క వేరు, మొదటి సెట్టు నష్టం పందొమ్మిది వేలూ అందులో కలుపుతుంది. ఆవిడ లెక్కే సరైనది.

మరుసటి ఆదివారం నాయనను ప్రాక్టీసు మైదానానికి తీసుకువెళ్ళాను. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఒక్క దెబ్బ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచినప్పుడు మేమంతా టీవీలో ఆమెనే చూస్తూంటే, ఆయన మాత్రం, "సంచి మోస్తా ఉండేది ఆ పాప తల్లేనంట" అని పదిసార్లు అన్నాడు. ఆ మాట ఆ ఉదయం కారులో గుర్తొచ్చింది.

కుర్చీ వేయించి కూర్చోబెట్టాను. నేను కొడుతున్నంతసేపూ ఏమీ అనలేదు. పచ్చికలో గుంత తవ్విన చోటికి తీసుకువెళ్ళి పటరు చేతికిచ్చాను. ఆయన తీసుకోలేదు. అటూ ఇటూ చూశాడు.

"ఎవురూ ఏమీ అనరు గదా?"

ఎనభై ఏడేళ్ళ మనిషి నన్ను అడిగాడా మాట. "అనరు నాయనా, ఇది మన కర్ర" అన్నాను. గొంతు సరిగా పెగల్లేదు.

చేతికర్ర నాకిచ్చి, పటరు రెండు చేతులా పట్టుకున్నాడు. బంతిని మెల్లిగా తాకించాడు. అది గుంత పక్కనుంచి జానెడు దూరంలో పోయింది. రెండోదీ పోయింది. మూడోది గుంత అంచున ఆగింది. "చాల్లే" అన్నాడు, కానీ నాలుగోదానికి తనే వంగబోయాడు. అరగంట ఆడాం.

బయల్దేరేటప్పుడు అలవాటున ఆయన చెయ్యి సంచి పట్టీ మీదికి పోయింది. నేను తీసి నా భుజానికి వేసుకున్నాను. ఆరు కర్రలే కాబట్టి బరువనిపించలేదు. కారెక్కాక ఆయన, "ఆ ఏడో నంబరు పిడి రవంత పక్కకు తిరిగిందిరా. రేపు విప్పి సరిజేస్తా" అన్నాడు.