మేడ మీద మూడు కిలోవాట్లు

కరెంటు చార్జీల పెంపు మీద 2000 ఆగస్టు 28న జరిగిన చలో అసెంబ్లీకి నేనూ వెళ్లాను. బషీర్‌బాగ్ దగ్గర పోలీసు కాల్పుల్లో ముగ్గురు పోయారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలు ఏ పార్టీ మ్యానిఫెస్టో చేతికొచ్చినా ముందు వెతికింది కరెంటు ముచ్చటే.

కిందటేడు గుంటూరులో మా మేడ మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించాం. సూర్యఘర్ పథకం సబ్సిడీ 78,000 రూపాయలు నేరుగా ఖాతాలో పడింది. మంచి ఎండ కాస్తే రోజుకు పన్నెండు యూనిట్ల దాకా వస్తుంది. గుంటూరు ఎండను తిట్టుకోకుండా గడిపిన మొదటి వేసవి అదే! పొద్దున్నే కాఫీ గ్లాసుతో మీటరు ముందు నిలబడి ఇంపోర్టెంత, ఎక్స్‌పోర్టెంత అని చూసుకోవడం అలవాటైంది. "ఇదేమన్నా షేర్ల వ్యాపారమా?" అంటుంది మా ఆవిడ.

సోలార్ పెట్టాక పర్యావరణం మీద ధ్యాస పెరుగుతుందనుకున్నాను. పెరిగింది మరొకటి. పేపర్లో సర్దుబాటు చార్జీల వార్త కనిపిస్తే పేజీ తిప్పేస్తున్నాను. నెట్ మీటరింగ్ మీద, అంటే మేం గ్రిడ్‌కి పంపే యూనిట్ల లెక్క మీద, నాలుగు లైన్ల వార్త వస్తే మాత్రం కత్తిరించి దాస్తున్నాను, నా యూనిట్‌కి ఎక్కడ రేటు తగ్గిస్తారోనని. ఇన్నాళ్లూ కొనేవాడిగా ఓటేశాను, ఇప్పుడు కాస్త అమ్మేవాణ్ణి కూడా అయ్యాను. ఉచిత పథకాల మీద విసుర్లు మాత్రం మానలేదు. వాళ్లకొచ్చేది ఉచితమట, నాకొచ్చిన 78,000 ప్రోత్సాహకమట!

ఇదంతా నాకు తెలిసొచ్చింది కింద వాటాలో మిషను కుట్టే అమ్మాయి వల్ల. ఆమె మీటరు వేరు. ఒకరోజు బిల్లు పట్టుకుని పైకొచ్చింది.

"మాస్టారూ, ఈ ట్రూ-అప్ ఏంటండీ? వాడింది ఎప్పటిలాగే వాడాను కదా!"

అదీ సర్దుబాటు చార్జీయేనని, అంచనా కంటే ఎక్కువ ఖర్చయిందని, ఎప్పుడో వాడిన కరెంటుకి ఇప్పుడు మళ్లీ వసూలు చేస్తారని చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే కౌంటర్లో గుమాస్తా గొంతులా వినిపించింది.

"నువ్వూ సోలార్ పెట్టించుకోరాదూ" అన్నాను, అలవాటుగా.

"మేడ మీది కదండీ" అంది నవ్వుతూనే. బిల్లు మడిచి, "ధర్నా ఏదన్నా ఉంటే చెప్పండి, నేనూ వస్తా" అంది.

ఆమె వెళ్లాక పాత పేపర్లు తిరగేశాను. ధర్నా కిందటి వారమే అయిపోయింది.