వాగు కలిసే చోట

భద్రాచలం వెళ్లేవాళ్లంతా గోదారినే చూస్తారు. చూడవలసిందే, కాదనను. నా చూపు మాత్రం వాగుల మీదికి పోతుంది. బూర్గంపాడు దగ్గర కిన్నెరసాని కలుస్తుంది; ఎగువన చర్ల వైపు తాలిపేరు, దిగువన కూనవరంలో శబరి. (2014లో కూనవరం ఆంధ్రలోకి పోయింది. చేపలకి ఆ సంగతి తెలీదు లెండి.) వీటి మధ్య పేరున్నవీ లేనివీ ఎన్ని వాగులో! ఎండాకాలంలో చెప్పులు చేత్తో పట్టుకుని దాటేస్తాం. గోదారికి వరదొస్తే అవే వాగులు వెనక్కి పారతాయి. ఏటి నీళ్లు ఎగదన్ని, చేలగట్లు ముంచి, తుప్పల మొదళ్లలో నిలుస్తాయి.

మనకది ముంపు. బొచ్చెకీ రవ్వకీ పురిటిల్లు. కొత్తనీటికి ఎదురెక్కి వచ్చిన తల్లి ఆ పల్చని నీళ్లలో గుడ్లు వదిలి పోతుంది. రోజు తిరక్కుండా పిల్లలవుతాయి. పెద్ద ఏటి వడికి ఆగలేని ఆ వెంట్రుకంత ప్రాణాలు అక్కడే నాచూ పురుగూ తిని ఒళ్లు చేస్తాయి.

అమెరికా పడమటి తీరంలో సాల్మన్ అనే చేపదీ ఇలాంటి కథే. కొండ ఏట్లో పుట్టి సముద్రానికి పోయే పిల్ల, దారిలో చిన్న చిన్న మొగల దగ్గర ఆగి పెరుగుతుంది. తను పుట్టని వాగు మొగలోనైనా సరే, దూరి తలదాచుకుంటుంది.

మన దగ్గర దానికి సరిజోడు పులస. సముద్రంలో విలసగా తిరిగి, వరదనాడు గోదారెక్కి పులసవుతుంది. దాని దారికి ధవళేశ్వరంలో 1852 నాటికే ఆనకట్ట అడ్డం పడింది. భద్రాచలం వచ్చినప్పుడల్లా పులస ఏదని అడిగే మా రాజమండ్రి బావగారికి ఈ మాట చెబితే, "అయితే కాటన్ దొర బియ్యమూ మాకే ఇచ్చి, పులసనీ మాకే ఉంచాడన్నమాట!" అని మీసం దువ్వుకున్నారు. ఉంచడమేమిటి, అక్కడా ఇప్పుడది వేలల్లో పలుకుతోంది.

నిరుడు వరదలప్పుడు ఒక వాగు దగ్గర ముసలాయన దోమతెర అడ్డంగా కట్టి కూర్చున్నాడు.

"ఇంత సన్నకన్నయితే పిల్లలన్నీ వచ్చేస్తాయి గదా, తాతా?" అన్నాను.

"వస్తయి సారూ. పెద్ద ఏట్ల వడి తగ్గిందాక పడవ ఎయ్యలేం. ఇంట్ల కూరకేం జెయ్యాలె? నేను ఇడిసిపెడితే కిందోడు ఇడుస్తడా?"

బంగ్లాదేశ్‌లో 25 సెంటీమీటర్ల లోపు హిల్సా పిల్లని, అంటే మన పులస పిల్లనే, నవంబరు నుంచి జూన్ దాకా పట్టకూడదు. అందులో కొన్ని నెలలు జాలరి ఇళ్లకి సర్కారు బియ్యం ఇస్తుంది. ఈ సంగతి చెప్పాను. తాత శ్రద్ధగా విన్నాడు.

"బియ్యం ఎన్ని కిలోలు?" అన్నాడు.

నలభై అని విన్నానన్నాను. ఏదో లెక్క వేసుకున్నట్టు కాసేపు ఊరుకున్నాడు. తర్వాత తెర ఎత్తాడు. గుప్పెడు వెండి రజను, ఇంకా మిలమిల కదులుతోంది.

"ఇవి ఎండేస్తే కండ మిగల్దు," అంటూ సగం నీళ్లలోకి వంచేశాడు. మిగతా సగం బుట్టలో పడింది.