కుంపటి ముందు చదువు

వెంకటగిరికోట పిల్లలెవరైనా నగల డిజైనర్ అవుతానంటే నాకు పొరుగునున్న కోలారు గనులే గుర్తొస్తాయి. శతాబ్దానికి పైగా బంగారం తవ్విన ఆ గనులు 2001లో మూతపడ్డాయి. బంగారాన్ని మలిచే చదువుకు మాత్రం గని అక్కర్లేదు, గురువు కావాలి.

కంప్యూటర్లో గీయడం మంచిదే. అంతకన్నా ముందు కుంపటి దగ్గర కూర్చోవాలి. కమ్మచ్చు రంధ్రాల్లోంచి లాగేకొద్దీ తీగ గట్టిపడుతుంది. కాల్చి మెత్తబరచకపోతే తెగుతుంది. వెలిగారం అద్ది టంకం పెట్టేటప్పుడు మంట కాస్త ఎక్కువైతే అతుకుతో పాటు నగ కూడా కరిగిపోతుంది. ఇది చేతికి తెలియనివాళ్లు గీసిన అందమైన బొమ్మ బొమ్మగానే మిగిలిపోతుంది.

22 క్యారెట్లంటే వెయ్యిలో 916 పాళ్లు బంగారం. హాల్‌మార్క్ చెప్పేది ఆ స్వచ్ఛతే, పనితనం కాదు. పనితనం తెలిసిన కంసాలి పెద్దలను మన కాలేజీలు జీతమిచ్చి, గౌరవంగా పిలిచి, పాఠం చెప్పించాలి.