ఉబ్బే సిలికాన్... ఊరికో ఆశ!

అమెరికాలోని సియాటిల్ నుంచి కారులో తూర్పుగా బయల్దేరితే మొదట మంచుకొండలు, దట్టమైన అడవులు కనువిందు చేస్తాయి. కాస్కేడ్ పర్వతాలు దాటామో లేదో... పచ్చదనం మాయం! కొలంబియా నది వంతెన దాటాక ఎటు చూసినా ఎండిన తుప్పలే. ఆ మెట్టనేలలో, సియాటిల్‌కు సుమారు 280 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది మోజెస్ లేక్. గ్రాండ్ కూలీ డ్యామ్ నీళ్లొచ్చాక ఇక్కడి రైతులు బంగాళాదుంపలు పండిస్తున్నారు. ఇప్పుడు ఊరి ఆశంతా మరో పంట మీద ఉంది. అదో నల్లటి పొడి... లిథియం బ్యాటరీల్లో వాడే సిలికాన్ పదార్థం!

ఇంతకీ ఏంటి దాని గొప్ప? మన సెల్‌ఫోన్‌ని ఛార్జింగ్‌కి పెట్టినప్పుడు లిథియం వెళ్లి చేరేది ఆనోడ్‌లో. దాన్ని సాధారణంగా గ్రాఫైట్‌తో చేస్తారు. ఒక్క లిథియం అయాన్‌కి చోటివ్వాలంటే ఆరు కార్బన్ పరమాణువులు కావాలి. అదే సిలికాన్ అయితే, ఒక్క పరమాణువే దాదాపు నాలుగు అయాన్లకు చోటిస్తుంది. చిక్కల్లా ఒక్కటే... లిథియం చేరేకొద్దీ సిలికాన్ పూరీలా పొంగి దాదాపు నాలుగింతలవుతుంది. ఛార్జి దిగితే ముడుచుకుపోతుంది. అలా పొంగీ ముడుచుకునీ చివరికి పగిలిపోతుంది.

దీనికి గ్రూప్14 కంపెనీ కనిపెట్టిన ఉపాయం చిత్రంగా ఉంటుంది. ముందుగా స్పాంజిలా సన్నటి రంధ్రాలుండే కార్బన్ తయారుచేస్తారు. దాన్లోకి సైలేన్ అనే వాయువు పంపితే వేడికి విడిపోయి, సిలికాన్ ఆ రంధ్రాల్లో పేరుకుంటుంది. కొంత ఖాళీ మాత్రం వదిలేస్తారు. ఇక ఎంత ఉబ్బినా ఆ ఖాళీలోకే!

సైలేన్ గాలి తగిలితే భగ్గుమంటుంది. అలాంటి వాయువుతో పనిచేయడం ఈ ఊరికి కొత్త కాదు. 1980ల నుంచీ ఇక్కడ సిలికాన్ కర్మాగారం ఉంది. పైగా, కొలంబియా డ్యాముల చౌక కరెంటు.

దెబ్బలు తినడమూ ఈ ఊరికి కొత్తేం కాదు. 1966లో వైమానిక స్థావరం మూతపడింది. చైనా విధించిన సుంకాల దెబ్బకి 2019లో ఆర్‌ఈసీ సంస్థ ఇక్కడ సోలార్ సిలికాన్ తయారీ ఆపేసింది. మళ్లీ మొదలెట్టినా, 2024 చివర్లో మానేస్తున్నట్లు చెప్పేసింది. అందుకే కొత్త కంపెనీలంటే ఇక్కడ అంత ఆశ... కాస్త అనుమానమూ. 2022లో అమెరికా ప్రభుత్వం గ్రూప్14కీ, సిలా కంపెనీకీ చెరో 10 కోట్ల డాలర్ల సాయం ప్రకటించింది. సిలా ప్లాంటు 2025లో పని మొదలెట్టింది. గ్రూప్14ది మాత్రం అనుకున్నదానికన్నా ఆలస్యమైంది.

పొంగినా ముడుచుకున్నా పగలకుండా నిలవాలి... సిలికాన్‌కే కాదు, మోజెస్ లేక్‌కీ అదే పరీక్ష!