పరమాణువుల ఉమ్మడి సొత్తు

ఇద్దరు వ్యక్తులు చెరికొంత సొమ్ము వేసి వ్యాపారం చేసే ఒప్పందాన్ని ఫిఖ్‌హ్‌లో షిర్కత్ అంటారు. ముప్పై ఏళ్లుగా ఈ అధ్యాయాన్ని బోధిస్తున్నాను. సమయోజనీయ బంధాన్ని పిల్లలకు చెప్పవలసి వచ్చినప్పుడు నాకు మొదట గుర్తుకొచ్చింది ఇదే.

హైడ్రోజన్ పరమాణువుకు ఒకటే ఎలక్ట్రాన్. దాని కర్పరం నిండడానికి రెండు కావాలి. రెండు హైడ్రోజన్ పరమాణువులు దగ్గరైనప్పుడు రెండు ఎలక్ట్రాన్లనూ రెండు కేంద్రకాలూ ఆకర్షిస్తాయి. శక్తి తగ్గుతుంది, ఆ మేరకు వేడి వెలువడుతుంది. మరీ దగ్గరైతే కేంద్రకాలు పరస్పరం వికర్షించుకుంటాయి. అందుకే అవి 74 పికోమీటర్ల ఎడంలో నిలుస్తాయి. బంధమంటే ఉమ్మడి ఎలక్ట్రాన్ జంట అని 1916లో చెప్పినవాడు అమెరికా శాస్త్రవేత్త లూయిస్.

భాగస్వాముల సొమ్ము ఎవరిదేదో గుర్తించలేనంతగా కలిసిపోవాలని షాఫయీ ఫుఖహాలు షరతు పెట్టారు. మన హనఫీలకు ఆ షరతు లేదు. ఆ జంటలో ఏ ఎలక్ట్రాన్ ఎవరిదో ఎవరూ చెప్పలేరు కనుక, ఈ విషయంలో పరమాణువులు షాఫయీలే!

ఒక విద్యార్థి తండ్రి మాత్రం, "దీన్ చదువుకునే పిల్లవాడికి ఈ లెక్కలు దేనికి మౌలానా సాహెబ్?" అని, కుమారుణ్ణి పదవ తరగతి పరీక్షకు సిద్ధం చేసే ఆ గంట నుండి మాన్పించబోయారు. బిడ్డ పరలోకాన్ని గురించిన ఆందోళన అది. తేలికగా కొట్టివేయరాదు. వుజూ నీటి గురించి ఆయనతో మాట్లాడాను.

నీటి అణువులో ప్రతి బంధానికీ ఆక్సిజన్ ఒకటి, హైడ్రోజన్ ఒకటి చొప్పున ఎలక్ట్రాన్లు వేస్తాయి. పెట్టుబడి సమానమే, కాని ఆక్సిజన్ ఆ జంటను తనవైపు ఎక్కువగా లాక్కుంటుంది. (పెట్టుబడి సమానమైనా లాభం హెచ్చుతగ్గులుగా పంచుకోవడాన్ని హనఫీలు అనుమతించారు.) అందువల్ల ఆక్సిజన్ వైపు స్వల్ప ఋణావేశం, హైడ్రోజన్ల వైపు స్వల్ప ధనావేశం ఏర్పడి, అణువులు ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయి. ఆక్సిజన్ కుటుంబంలోనిదే గంధకం. దాని లాగుడు తక్కువ. అది హైడ్రోజన్‌తో కలిస్తే కుళ్లిన కోడిగుడ్ల వాసన గల వాయువు అవుతుంది. నీరు కూడా అలాగే వాయువై ఉంటే దోసిట్లోకి తీసుకునేది ఏముండేది? ఆయన వెంటనే ఒప్పుకోలేదు. పరీక్షల దాకా కొనసాగించమని మాత్రం అన్నారు.

ఇదంతా ఫిఖ్‌హ్ గ్రంథాల్లో ముందే ఉందని నేననడం లేదు. అలాంటి ప్రసంగాలు నాకు రుచించవు. ఫుఖహాలు రాసింది మనుషుల సొమ్ము గురించి. మనుషులకు నియ్యత్ ఉంటుంది, పరమాణువులకు ఉండదు. అవి ఎలక్ట్రాన్లను "కోరుకుంటాయి" అనే మాటను నేను తరగతిలో వాడనివ్వను.

ఆ పిల్లవాడే మొన్న, బెలూన్లలో నింపే హీలియం ఎవరితోనూ ఎందుకు కలవదని అడిగాడు. దాని రెండు ఎలక్ట్రాన్లతోనే ఆ కర్పరం నిండిపోయింది. మూడోదానికి అక్కడ చోటు లేదు.