గీత బయటి గురువు

జట్టు ఆటలో నాయకుడెవరు? భుజానికి పట్టీ కట్టుకున్నవాడే నాయకుడని యువ క్రీడాకారులు తరచుగా భావిస్తారు. ఆ భావన ఎంత అసంపూర్ణమో హైదరాబాదుకు చెందిన ఫుట్‌బాల్ శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం జీవితం తెలియజేస్తుంది.

రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి ఉపాధ్యాయ వృత్తిని చేపట్టారు. ఆయన శిక్షణలో హైదరాబాద్ నగర పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. అయితే ఆయనలోని అసలైన గురువు యువకుల కోసం నిర్వహించిన పోటీలలో కనిపిస్తాడు. కొన్ని పోటీలలో బంతిని ఒంటరిగా నడిపించుకొనిపోవడం నిషిద్ధం. ఎంతటి ప్రతిభావంతుడైనా దానిని వెంటనే సహచరునికి అందించవలసిందే. మరికొన్నింటిలో అలవాటు లేని కాలితోనే ఆడాలి. అక్కడ ఆరితేరినవాడు కూడా తడబడతాడు. తడబడే తోటివానిని చులకన చేయరాదని గ్రహిస్తాడు. ఉపన్యాసంతో పనిలేకుండా ఆటే పాఠం చెప్పేది.

పోటీ మొదలైన పిదప శిక్షకుడు గీత బయటే నిలవాలి. లోపల ఒకరికొకరు ఆసరా కావలసినవారు సహచరులే. 1962 జకార్తా ఆసియా క్రీడలలో రహీం శిక్షణలోని భారత జట్టు తొలి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2 తేడాతో ఓడింది. థాయిలాండ్‌తో జరిగిన పోటీలో రక్షణ శ్రేణి ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. సెమీఫైనల్లో రహీం అతనిని ముందు వరుసలో నిలిపారు. జర్నైల్ అలవాటైన స్థానాన్ని విడిచి, గాయంతోనే బరిలో దిగాడు. చునీ గోస్వామి నాయకత్వంలోని జట్టు, ఫైనల్లో అదే దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి స్వర్ణ పతకం సాధించింది. గోల్స్ చేసినవారు పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963లో కన్నుమూశారు.

సూర్యాపేట జిల్లా అనంతగిరిలోని పాఠశాల మైదానమైనా, జకార్తా క్రీడాంగణమైనా నాయకత్వ ధర్మం ఒక్కటే. బంతి జారవిడిచిన మిత్రుని మీద అరిచేవాడు జట్టులో భయాన్ని నింపుతాడు. మరుక్షణమే అతనికి మళ్ళీ బంతిని అందించేవాడు ధైర్యాన్ని నింపుతాడు. భుజాన పట్టీ ఉన్నా లేకున్నా, ఆ రెండవవాడే నాయకుడు. అటువంటివారిని తీర్చిదిద్దిన గురువు గీత బయట నిలిచినా, ఆయన పాఠం మైదానంలో పరుగులు తీస్తూనే ఉంటుంది.